తొడపాశానికి ఇంగ్లీషు

గుంటూరు జిల్లాలో ఒక మిషన్ హైస్కూల్లో పదకొండేళ్ళు లెక్కల మాష్టారిగా పనిచేశాను. ఆ పదకొండేళ్ళలో నా చేతి తొడపాశం రుచి చూడని మగపిల్లవాడు ఆ బడిలో లేడంటే నమ్మండి. ఇది గొప్పగా చెప్పడం లేదు. ఒకప్పుడు గొప్పగానే చెప్పుకునేవాణ్ణి, అది వేరే సంగతి.

ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు గనక చెబుతాను. నిక్కరు అంచు దగ్గర, తొడ లోపలివైపు చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెలిపెట్టడమే తొడపాశం. పిల్లవాడు మునివేళ్ళ మీద లేస్తాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, "ఇంకెప్పుడూ చెయ్యనండి" అంటాడు. బెత్తంతో కొడితే అరచేతిలో వాత తేలుతుంది, ఇంటికెళ్ళి చూపిస్తాడు. తొడపాశం ఎవరికీ కనిపించదు. మా మాష్టార్లు మాకు పెట్టారు, మేం మా పిల్లలకు పెట్టాం. దండం దశగుణం భవేత్ అన్నారు కదా అనుకున్నాం. ఆ పది గుణాలేమిటో ఒక్కటీ నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు కూడా.

డెబ్బైల మధ్యలో నా భార్యకు కాలిఫోర్నియాలో నర్సు ఉద్యోగం వచ్చింది. ముందు తను వచ్చింది, ఏడాది తర్వాత నేనూ పాపా వచ్చాం. ఇక్కడ నా బీయస్సీ, బీయీడీ ఎవడికి కావాలి? కార్ల విడిభాగాల గోడౌన్‌లో ఏ పెట్టె ఏ అరలో ఉందో రాసుకునే పని దొరికింది. నాకంటే పదేళ్ళు చిన్నవాడు "హే, బడ్డీ" అని పిలిచేవాడు. ఎంత ఒళ్ళు మండేదో చెప్పలేను. వారంలో ఆరు రోజులు బడ్డీని. ఒక్క ఆదివారం మాత్రం మాష్టార్ని.

ఎందుకంటే మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు పన్నెండో పదమూడో కలిసి, ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలకు అడిగి తీసుకున్నాయి. ఆరాధన అయ్యాక పెద్దవాళ్ళు పైన కాఫీ తాగుతుంటే, కింద బేస్‌మెంట్‌లో పిల్లలకు నేను తెలుగు అక్షరాలు నేర్పేవాణ్ణి. తెలుగు బైబిలు, పాటల పుస్తకం చదవడం వస్తే చాలని మా ఆశ. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి కూడా ఆ తరగతిలోనే ముందు వరసలో కూర్చునేది. తనకు అన్నీ వచ్చు. రాక ఏం చేస్తుంది, ఇంట్లోనూ మాష్టారే కదా.

ఆ తరగతిలో పదేళ్ళ కుర్రాడొకడుండేవాడు. చురుకైనవాడే గాని నోరు ఆగదు. వాళ్ళ నాన్న ఇంజనీరు, మంచి మనిషి, నాతో చనువుగా ఉండేవాడు. ఒకసారి నా భుజం మీద చెయ్యేసి, "మాష్టారూ, మావాడు అసలు మాట వినట్లేదండీ. మీకు వదిలేస్తున్నా. కళ్ళు రెండూ ఉంచి మిగతా తోలంతా వలిచెయ్యండి," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మన ఊళ్ళలో బడిలో చేర్పించేటప్పుడు ప్రతి తండ్రీ అనే మాటే అది.

ఆ ఆదివారం నేను అచ్చులు చెబుతున్నాను. పిల్లలకు అర్థం కావాలని, "దీజ్ ఆర్ వవెల్స్," అన్నాను. ఇంగ్లీషులో 'వ' అనడానికి పై పెదవి పళ్ళ కింద పెట్టాలో, కింది పెదవి పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. వెనక నుంచి ఆ కుర్రాడు నా గొంతుతోనే, నా తల ఊపుతోనే "వవెల్స్, వవెల్స్" అన్నాడు. తరగతి మొత్తం గొల్లున నవ్వింది. మా అమ్మాయి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గోడౌన్‌లో వారమంతా పడిన మాటలన్నీ ఒక్కసారి తలకెక్కాయి. లేచి వాడి దగ్గరికెళ్ళాను. ఎండాకాలం, నిక్కరు వేసుకున్నాడు. అలవాటైన చెయ్యి అలవాటైన చోటికి పోయింది. గట్టిగా మెలిపెట్టాను, రెండుసార్లు. మన ఊరి పిల్లవాడైతే "అమ్మా" అని కేక పెట్టేవాడు, వదిలేసేవాణ్ణి. వీడికి కేక పెట్టాలని కూడా తెలియలేదు. నోరు తెరిచి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు నేను గమనించని సంగతి ఒకటుంది, వాడు నన్ను చూసి భయపడటం కంటే ఎక్కువగా సిగ్గుపడ్డాడు.

మంగళవారం బడిలో ఆటల పీరియడ్‌కి బట్టలు మార్చుకుంటుంటే వాడి తొడ మీద కమిలిన మచ్చలు అక్కడి టీచరు చూశాడు. అలాంటివి చూస్తే పోలీసులకు చెప్పి తీరాలన్నది అక్కడి చట్టం. గురువారం సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. సూటు వేసుకున్న డిటెక్టివ్, యూనిఫామ్‌లో ఒకావిడ.

స్టేషన్లో ఆ డిటెక్టివ్ చాలా మర్యాదగా మాట్లాడాడు, కాఫీ ఇచ్చాడు. మాట్లాడకుండా ఉండే హక్కుందనీ, లాయరు కావాలంటే అడగొచ్చనీ ముందే చదివి చెప్పాడు. హక్కా! నేను తప్పు చేస్తేగదా లాయరు? పైగా చాలా రోజుల తర్వాత ఒక దొర నా ఇంగ్లీషును ఓపిగ్గా వింటున్నాడు. సంబరంగా చెప్పుకుపోయాను.

"ఆ పిల్లవాణ్ణి తాకావా?" అని అడిగాడు. తాకాను అన్నాను. "ఎక్కడ?" తొడ మీద, లోపలివైపు. "అక్కడే ఎందుకు?" బికాజ్ ఇట్ ఈజ్ సాఫ్ట్ దేర్, అన్నాను. మెత్తగా ఉంటుంది, నొప్పి బాగా తెలుస్తుంది, పైగా ఎవరికీ కనిపించదు అని వివరంగా చెప్పాను. "ఇంకా ఎంతమంది పిల్లలకి ఇలా చేశావు?" అని అడిగాడు. ఇండియాలో కొన్ని వందలమందికి అన్నాను. "ఎందుకు చేస్తావు?" ప్రేమతో, అన్నాను. ఐ లవ్ ఆల్ ది చిల్డ్రన్. ఆఖరికి, అనుమానం ఉంటే వాళ్ళ నాన్ననే అడగమని, ఆ కళ్ళూ తోలూ మాటను కూడా మక్కికి మక్కి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన రాయడం ఆపి నావైపు కాసేపు చూశాడు.

అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం లేదు. ఎందుకు గిల్లావంటే పాఠం చదవలేదని చెప్పాను, అదొక్కటే అబద్ధం. వెక్కిరించాడని చెప్పడానికి నామోషీ అయింది.

వేళ్ళకు సిరా పూసి ముద్రలు తీసుకున్నారు, ఫొటో తీశారు. నా భార్య హాస్పిటల్ నుంచి నర్సు బట్టల్లోనే వచ్చి విడిపించుకుంది. ఇంట్లోకి వచ్చాక బ్యాగు సోఫా మీద పడేసి, "ఏవండీ, నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. మీ నోరు కాసేపు మూసుకుంటే ఏం పోయేదండీ?" అని ఏడ్చింది.

కోర్టు నాకొక లాయర్ని ఇచ్చింది. ఇరవై ఆరేడేళ్ళ పిల్ల, పెద్ద కళ్ళజోడు. డిటెక్టివ్ రాసింది నా ముందు పెట్టి చదివింది. నా మాటలే, ఒక్క అక్షరం మారలేదు. కానీ ఆ కాగితంలో ఉన్న మనిషి నేను కాను. వాణ్ణి నేనే గనక చూస్తే మా అమ్మాయిని వాడున్న వీధిలోకి కూడా పంపను. "అది కాదు, అది కాదు" అంటాను గాని ఏది కాదో చెప్పడానికి మాట దొరకలేదు. తొడపాశానికి ఇంగ్లీషు లేదు. తొడకు ఉంది, గిల్లడానికి ఉంది, ఆ రెండూ కలిపితే వాళ్ళకు వేరే నేరమే వినిపిస్తుంది.

నా మీద పెట్టింది ఆ వేరే నేరమే, పిల్లల్ని చెడ్డ ఉద్దేశంతో తాకడం. జైలు పెద్దగా ఉండకపోవచ్చు అంది లాయరు. "కానీ రిజిస్టర్ కావాలి."

రిజిస్టర్ అనగానే నాకు హాజరు పట్టీ గుర్తొచ్చింది. పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే తెరిచిన పుస్తకం. "దానికేముందమ్మా, సంతకం పెట్టేస్తాను," అన్నాను. ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. పోలీసుల దగ్గర పిల్లల్ని పాడుచేసేవాళ్ళ జాబితా ఒకటుంటుందట. అందులో పేరెక్కితే బతికినంతకాలం ఉంటుంది. ఏ ఊరు మారినా, పక్కవీధిలోకి ఇల్లు మారినా, స్టేషన్‌కు వెళ్ళి నేను ఫలానా అని చెప్పుకోవాలి. చెప్పకపోతే అదింకో నేరం. ఎక్కడ పిల్లవాడు తప్పిపోయినా ముందు నా తలుపు కొడతారు.

దొంగతనం చేసినవాడికి శిక్ష అయిపోతే అయిపోయినట్టే. నాకు చచ్చేదాకా. ఛీ, అలాంటి మాట మీద నా పేరు! మా అమ్మాయి బడి మెట్లెక్కగలనా? తన స్నేహితురాలు మా ఇంటికి వస్తే తలుపు తీయగలనా? "ఆ పుస్తకంలో మాత్రం వద్దమ్మా, జైల్లో వెయ్యమను," అన్నాను. ఆ రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. ఆ జాబితాలో పడకూడదు, అంతే.

నేరాన్ని బ్యాటరీ కిందికి దించితే రిజిస్టర్ అక్కర్లేదని లాయరు చెప్పింది. అంటే ఒట్టి చెయ్యిచేసుకోవడం. దానికి ప్రాసిక్యూటర్ ఒప్పుకోవాలి. ఇది మా దేశంలో బడి శిక్ష అని ఎవరైనా పెద్దమనిషి చెబితే బాగుంటుందంది. ఇంకెవరు, ఆ కుర్రాడి నాన్నే ఉన్నాడు కదా అనుకుని చర్చి బయట కార్ల దగ్గర పట్టుకున్నాను.

"నా పేరెందుకు లాగారు మాష్టారూ?" అన్నాడు ఆయన. "సోషల్ వర్కర్ మా ఇంటికొచ్చింది. పిల్లాడి తోలు తియ్యమన్నావా అని అడిగింది. నా గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది, తెలుసా మీకు? మాటవరసకి అంటే అది పోలీసుకి చెప్తారా ఎవరన్నా?"

"మీరు అన్నమాటే కదండీ చెప్పాను."

"అన్నాను. సరే. మావాడు వారం నుంచి బట్టలు మార్చుకోడానికి వాళ్ళమ్మని కూడా గదిలోకి రానివ్వట్లేదు. అది కూడా చెప్పండి మీ లాయర్‌కి." అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఎంత కోపం వచ్చిందో. ఇంత పిరికివాడా అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. బట్టలు మార్చుకోవడం గురించి ఆయన చెప్పిన మాట నాకు అప్పుడు చెవికెక్కలేదు. నా గోల నాది.

ఆ నాన్న రాలేదు గాని, ఆ కుర్రాడే నిజం చెప్పాడు. ప్రాసిక్యూటర్ మళ్ళీ అడిగితే, "నేను ఆయన ఇంగ్లీష్‌ని మాక్ చేశాను, అందరూ నవ్వారు, ఆయనకి పిచ్చికోపం వచ్చి గిల్లారు, చాలా నొప్పేసింది," అన్నాడట. ఇంకేమైనా చేశాడా అంటే లేదన్నాడట. పదేళ్ళవాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను చెప్పలేకపోయాను. అది విన్నప్పుడు నా తల తీసేసినట్టయింది.

ఇక మిగిలింది మా ఇల్లు. సొంత పిల్లను కూడా ఏమైనా చేస్తున్నాడేమో చూసి రమ్మని ఒక సోషల్ వర్కర్ని పంపారు. పెద్దావిడ, మెల్లగా మాట్లాడుతుంది. మా అమ్మాయిని దాని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. నన్నూ నా భార్యనూ బయట ఉండమంది. నలభై నిమిషాలు. నేను కూర్చోలేకపోయాను. దాని గది ముందున్న చిన్న నడవాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఎందుకంటే నెల కిందటే ఏడో ఎక్కం తప్పు చెప్పిందని దానికీ పెట్టాను. అంతకుముందు ఎన్నిసార్లో లెక్కలేదు. నిజం చెబితే అయిపోయింది, పిల్లనే తీసుకెళ్ళిపోతారు అనుకున్నాను.

ఆవిడ బయటికొచ్చి మాకు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. వారం తర్వాత లాయరు ఫోన్ చేసి రిపోర్టు చదివింది. మా నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు, గిల్లలేదు, మా నాన్నంటే నాకు భయం లేదు అని అమ్మాయి చెప్పిందట. "మిమ్మల్ని బయటపడేసింది ఇదే," అంది లాయరు.

ఫోన్ పెట్టేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తొమ్మిదేళ్ళ పిల్ల! ఎవరూ నేర్పలేదు, చెప్పలేదు. నాన్న కోసం అంత అబద్ధం ఆడింది. "నా బంగారు తల్లీ" అని దగ్గరికి తీసుకుని, ఐస్‌క్రీం కొనిపెట్టాను. తింది. మా తమ్ముడికి ఉత్తరం రాశాను, దాని ప్రేమ ముందు నేనెంత అని. ఆ తర్వాత ఎప్పుడూ దాని మీద చెయ్యెత్తలేదు. అది మాత్రం నిజం.

కోర్టులో బ్యాటరీకి ఒప్పుకున్నాను. ఏడాది ప్రొబేషన్, కోపం అదుపులో పెట్టుకునే తరగతులు, ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళకూడదు, పిల్లలకు పాఠాలు చెప్పకూడదు. రిజిస్టర్ సంగతి లాయరు నోరు తెరిచి అడిగితే, దీనికది వర్తించదని జడ్జి చెప్పాడు. నాకు ఇంకేమీ వినిపించలేదు. ఇంటికొచ్చి "గట్టెక్కామే!" అని అరిచాను. చర్చిలో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మా పక్క బెంచీ ఖాళీగా ఉండేది, అంతే. కొన్నాళ్ళకు మేమే మానేశాం.

ఎనిమిదేళ్ళు గడిచాయి. నా భార్యకు పెద్ద హాస్పిటల్లో ప్రమోషన్ వస్తే శాన్ రామన్ అనే ఊరికి మారాం. సామాను పూర్తిగా విప్పకముందే పాత చర్చి మనిషి ఒకాయన బజార్లో కనిపించి, పరామర్శ చేస్తున్నట్టుగా, "చట్టం మార్చేశారు కదా మాష్టారూ, ఇప్పుడు పిల్లల కేసున్న ప్రతివాళ్ళూ ఊరు మారితే రిజిస్టర్ అవ్వాలట. చూసుకోండి," అన్నాడు. నిజంగా మంచికే చెప్పాడో, ఏమో. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు. పాత లాయరు ఎక్కడుందో తెలియదు. "వెళ్ళి అడిగేస్తే పోలా? అడుసు తొక్కారు, కాలు కడుక్కోండి మరి," అంది నా భార్య.

తను డ్యూటీలో ఉంది, నాకేమో స్టీరింగ్ పట్టే ధైర్యం లేదు. మా అమ్మాయి నన్ను పోలీస్ స్టేషన్‌కు డ్రైవ్ చేసింది. దానికి పదిహేడేళ్ళు, కొత్తగా లైసెన్స్ వచ్చింది. అది కార్లో ఉండిపోయింది. నేను కోర్టు కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాను. అద్దం వెనక ఆఫీసర్‌కు ఆ కాగితం ఇచ్చి, "నేను రిజిస్టర్ కావాలా?" అని అడిగాను. ఆ ఒక్క వాక్యాన్ని పొద్దున్నుంచీ వల్లెవేశాను. అతను దాన్ని లోపలికి తీసుకెళ్ళాడు, ఎవరితోనో మాట్లాడాడు. పావుగంట తర్వాత వచ్చి, "నో సర్. ఈ సెక్షన్‌కి అక్కర్లేదు. మీరు లిస్టులో లేరు," అని కాగితం వెనక్కి ఇచ్చాడు. సర్ అన్నాడు!

కారెక్కి తలుపు వేసి, "లేదు తల్లీ, లేదు. నా పేరు లేదు," అన్నాను. కళ్ళు తుడుచుకుంటూ, "అంతా నీ చలవే. ఆ రోజు నాన్న మీద ప్రేమతో నువ్వు ఆ మాట చెప్పబట్టి," అన్నాను. ఎనిమిదేళ్ళుగా ఎన్నోసార్లు అన్నమాటే. ఎప్పుడూ తల దించుకుని ఊరుకునేది.

ఈసారి ఊరుకోలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ అంది: "నాన్నా, ప్లీజ్, ఇంక అలా చెప్పకండి అందరికీ. ప్రేమతో కాదు. ట్రూత్ చెప్తే, ఆవిడ వెళ్ళాక మీరు మళ్ళీ పెడతారనుకున్నా."

తెలివితక్కువగా, "మరి భయం లేదన్నావట కదమ్మా? ఆవిడ అలాగే రాసింది," అన్నాను.

"మీరు డోర్ బయటే ఉన్నారు కదా నాన్నా," అంది. "మీరు నడుస్తుంటే వినిపిస్తూనే ఉంది."

నా కాగితం ఒళ్ళోనే ఉంది. నేను ఏ జాబితాలోనూ లేనని నిమిషం కిందట సంబరపడగలిగింది ఈ పిల్ల భయం వల్లే. ఎవరికీ కనిపించదని ఆ చోటే ఎంచుకునేవాణ్ణి. ఎవరికీ కనిపించలేదు కూడా. "తప్పు చేశానమ్మా," అన్నాను. ఆ మాట మొదటిసారి అన్నాను, కోర్టులో అన్నది లాయరు నేర్పిన సారీ. మా అమ్మాయి పర్లేదు అనలేదు. అంటుందేమోనని చాలాసేపు చూశాను.